ఎర్ర ఎముకల సర్జన్ జాన్ హంటర్

ఎముక అనగానే మన విద్యార్థులకు గుర్తొచ్చేది ప్రయోగశాల మూలన కొక్కేనికి వేలాడే అస్థిపంజరం. తెల్లగా, పొడిగా, ముట్టుకుంటే టకటకలాడుతూ ఉంటుంది. దాన్ని చూశాక ఎముకంటే రాయిలాంటిదనీ, ఒకసారి పెరిగిందంటే మనిషి పోయేదాకా అలాగే పడి ఉంటుందనీ అనుకోవడం సహజం. పాతికేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. ప్రతి ఏడూ మొదటి గంట ఈ అపోహ తీర్చడానికే సరిపోతుంది. బతికున్న మనిషి ఎముక ఒకచోట కరుగుతూ, ఆ కరిగిన చోటే మళ్లీ కట్టుకుంటూ ఉంటుంది. పెద్దవాళ్ల అస్థిపంజరంలో ఏడాదికి ఇంచుమించు పదోవంతు కొత్తదవుతుందని లెక్క. పెరిగే ఎముకలో కట్టడంతో పాటు కూల్చడం కూడా ఉంటుందని గట్టిగా నిరూపించినవాడు 18వ శతాబ్దపు లండన్ సర్జన్ జాన్ హంటర్. విద్యార్థి సంఘం వారు ఈ సంచికకు ఒక మహనీయుడి జీవితం రాసిమ్మన్నప్పుడు నాకు తోచిన పేరు అదే. మహనీయుడన్న మాట ఆయనకు ఎంతవరకు అతుకుతుందో చదివాక మీరే తేల్చుకోవచ్చు.

హంటర్ 1728 ఫిబ్రవరిలో స్కాట్లండ్‌లో, గ్లాస్గోకు దగ్గరలో ఉన్న లాంగ్ కాల్డర్‌వుడ్ అనే చోట పుట్టాడు. పదిమంది సంతానంలో ఆఖరివాడు. చదువు అబ్బలేదు. బడి కంటే పొలాలూ, పిట్టగూళ్లూ, పురుగులూ ఆయనకు ఎక్కువ ఇష్టం. పదమూడో ఏట తండ్రి పోయాడు. కొన్నాళ్లు గ్లాస్గోలో బావగారి దగ్గర కొయ్యపనిలో చేయి సాయం చేశాడు. అన్న విలియం హంటర్ అప్పటికే లండన్‌లో పేరున్న వైద్యుడు, శరీర నిర్మాణ శాస్త్రం బోధించే పాఠశాల నడుపుతున్నాడు. 1748లో ఇరవయ్యేళ్ల తమ్ముడు ఏ డిగ్రీ లేకుండా అన్న దగ్గరకు చేరి, శవాలను కోసి పాఠానికి సిద్ధంచేసే పనిలో కుదిరాడు. ఆ చేతికి ఆ పని పుట్టుకతో వచ్చినట్టు పట్టుబడింది. తర్వాత చెసెల్డెన్, పాట్ వంటి పెద్ద సర్జన్ల దగ్గర కూడా నేర్చుకున్నాడు. 1755లో అన్న పట్టుబట్టి ఆక్స్‌ఫర్డ్‌కు పంపితే రెండు నెలలు తిరక్కుండానే వచ్చేశాడు. గ్రీకు, లాటిన్ వల్లె వేయడం ఆయన వల్ల కాలేదు. పరీక్షల కాలంలో ఈ ముక్క చదివి సంతోషించే విద్యార్థులకు ఒక్క మాట చెప్పాలి: మిగతా పన్నెండేళ్లూ ఆయన శవాల గదిలోంచి బయటికి రాలేదంటే అతిశయోక్తి కాదు.

ఆ శవాల గది సంగతి దాచిపెట్టి ఆయన జీవితం రాయడం న్యాయం కాదు. ఆ రోజుల్లో చట్టం ప్రకారం సర్జన్లకు దొరికే శవాలు ఉరిపడ్డ నేరస్తులవి. అవి ఏ మూలకూ చాలవు. మిగతావి రాత్రిపూట సమాధులు తవ్వేవాళ్ల దగ్గర కొనేవారు. అన్నగారి పాఠశాలకు ఆ సరఫరా చూసుకునే బాధ్యత తమ్ముడిది. తవ్వబడ్డ సమాధులు ఎక్కువగా బీదవాళ్లవే. డబ్బున్నవాళ్లు ఇనుప కమ్మీలూ కాపలావాళ్లూ పెట్టుకునేవారు. బ్రిటన్‌లో ఈ వ్యాపారాన్ని అదుపులో పెట్టే చట్టం 1832 దాకా రాలేదు.

1760లో సైన్యంలో సర్జన్‌గా చేరాడు. 1761లో ఫ్రాన్సు తీరాన బెల్ ఐల్ ద్వీపం మీద జరిగిన దాడిలో పనిచేశాడు. తూటా తగిలితే గాయాన్ని ఇంకా కోసి వెడల్పు చెయ్యాలి, లోపల వెతకాలి అన్నది అప్పటి శాస్త్రం. గాయాలతో ఒక ఇంట్లో దాక్కుని ఏ వైద్యమూ లేకుండా ఉండిపోయిన కొందరు ఫ్రెంచి సైనికులు, కోతపడ్డవాళ్లకు తీసిపోకుండా కోలుకోవడం హంటర్ గమనించాడు. అప్పట్నించి కత్తి పట్టేముందు ఆలోచించడం ఆయనకు అలవాటైంది. 1763లో లండన్ తిరిగొచ్చాక బతుకుతెరువు కోసం ఒక దంతవైద్యుడితో కలిసి పనిచేశాడు. 1767లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు, 1768లో సెయింట్ జార్జి ఆసుపత్రి సర్జన్ అయ్యాడు. 1771లో కవయిత్రి ఆన్ హోమ్‌ను పెళ్లాడాడు. సంగీతకారుడు హైడన్ స్వరపరచిన కొన్ని పాటల సాహిత్యం ఆమెదే. ఒకే ఇంట్లో ముందు గదుల్లో ఆమె సాహిత్య గోష్ఠులు, వెనక గదుల్లో ఆయన శవపరీక్షలు! ఆ ఇల్లాలి ఓపికను ఎవరూ సరిగా లెక్కకట్టలేదని నా అభిప్రాయం.

పెళ్లైన ఏడాదే మనిషి దంతాల మీద ఆయన పుస్తకం వెలువడింది. మన కథకు అసలు అక్కడే నాంది. పాలపళ్లు ఊడేటప్పుడు వాటి వేళ్లు ఏమైపోతున్నాయి? ఊడిన పన్ను చూడండి, కిరీటం ఉంటుంది, కింద వేరు ఉండదు. కొత్త పన్ను తోసేయడం వల్ల అరిగిపోయిందని కొందరు అనేవారు. కాదు, శరీరమే ఆ వేరును పీల్చేసుకుంటోందని హంటర్ గ్రహించాడు. గట్టి పదార్థాన్ని కూడా శరీరం తనంత తానే కరిగించుకోగలదన్న మాట. ఇదే పుస్తకంలో ఒకరి పన్ను పీకి ఇంకొకరి దవడలో నాటే పద్ధతిని కూడా ఆయన ప్రోత్సహించాడు. ఒక మనిషి పన్నును కోడిపుంజు జుట్టులో నాటి చూశాడు కూడా. ఫలితం ఏమిటంటే, బీద పిల్లలు పచ్చి పళ్లు అమ్ముకున్నారు, ధనికులు పెట్టించుకున్నారు, రోగాలు పన్నుతో పాటు నోరు మారాయి. ఆయన శాస్త్రబుద్ధి ఎంత ముందుకు పోయినా ఎదుటివాడి బాధ దగ్గర ఒక్కోసారి ఆగేది కాదు.

ఇక ఎర్ర ఎముకల సంగతి. 1736లో జాన్ బెల్చియర్ అనే లండన్ సర్జన్ ఒక అద్దకం బట్టల వ్యాపారి ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. వడ్డించిన పందిమాంసంలో ఎముకలు ఎర్రగా ఉన్నాయి. ఆరా తీస్తే, ఆ పందులు అద్దకంలో వాడిన తవుడు తిని పెరిగాయని తెలిసింది. తవుడులో మాడర్ వేరు రంగు ఉంది. మాడర్ అంటే మన మంజిష్ఠకు దగ్గర చుట్టం. బందరు కలంకారీకి ఎరుపునిచ్చిన చిరివేరులో ఉండేదీ అదే అలిజరిన్ రంగు. కోరమాండల్ తీరం నుంచి వెళ్లిన పూల బట్టల మోజులోనే ఇంగ్లండులో ఆ అద్దకం పరిశ్రమ పెరిగింది కనుక, ఈ కథకు మన నేలతో కాస్త పోగు కలిసిందని చెప్పుకోవచ్చు. ఆ రంగు ఎముకలోని కాల్షియాన్ని పట్టుకుంటుంది, అయితే అప్పుడప్పుడే పేరుకుంటున్న ఎముకనే పట్టుకుంటుంది. పాత ఎముక తెల్లగానే ఉంటుంది. ఫ్రాన్సులో దుహామెల్ దీన్ని చాలా ప్రయోగాల్లో వాడుకున్నాడు. ఎముక సాగుతూ, లోపల్నించి ఉబ్బుతూ పెరుగుతుందన్న భావన మాత్రం పోలేదు.

హంటర్ పందిపిల్లలను తెచ్చాడు. కొన్నింటికి మాడర్ కలిపిన మేత కొంతకాలం పెట్టి, తర్వాత మానేసి, వేర్వేరు సమయాల్లో కోసి చూశాడు. మేత పెడుతున్నప్పుడు ఎముక పైపొర ఎర్రబడింది. మానేశాక ఆ ఎరుపు మీద తెల్లపొర వచ్చింది. ఇంకొన్నాళ్లు ఆగితే ఎర్రపొర లోపలికి జరిగినట్టు కనిపించి, చివరికి మూలుగ ఉండే గొట్టం దగ్గరకు చేరి మాయమైంది. నిజానికి పొర కదల్లేదు. బయట కొత్త ఎముక పేరుకుంటూ ఉంటే లోపలివైపు పాత ఎముక కరిగిపోతోంది. గొట్టం వెడల్పు కావడానికి కారణం సాగడం కాదు, తవ్వడం.

అంతటితో ఊరుకోలేదు. ఒక పందిపిల్ల కాలి ఎముకలో రెండు చిల్లులు పెట్టి, రెండు సీసపు గుళ్లు దించి, మధ్య దూరం కొలిచిపెట్టుకున్నాడు. పంది పెరిగాక కోసి చూస్తే కాలు పొడుగైంది గాని గుళ్ల మధ్య దూరం అంతే ఉంది. అంటే మధ్యభాగం సాగలేదు, పెరుగుదలంతా చివర్లలోనే. దవడ ఎముకలోనూ అంతే. వెనక అంచున ఎముక చేరుతుంది, ముందు అంచున కరుగుతుంది, అలా వెనక దంతాలకు చోటు దొరుకుతుంది. ఒక ఎముక పెరుగుతూ కూడా తన ఆకారాన్ని నిలుపుకోవాలంటే చేర్చేవాడితో పాటు తీసేవాడూ ఉండాలని ఆయన తేల్చాడు. నా మటుకు నాకు ఆ శతాబ్దపు జీవశాస్త్రంలో ఇంత చవకగా, ఇంత శుభ్రంగా జరిగిన ప్రయోగం మరొకటి కనిపించదు. రెండు సీసపు గుళ్లు, ఒక కొలబద్ద, ఒక పంది. మన దగ్గర పరికరాలు లేవు కనుక పరిశోధన సాగదని వాపోయే మిత్రులు ఒకసారి దీన్ని తలుచుకోవాలి.

తీసేది ఎవరు అన్న దగ్గర మాత్రం హంటర్ దారి తప్పాడు. శోషరస నాళాలు ఆ ఎముకను పీల్చుకుంటాయని ఆయన నమ్మకం. ఆ నాళాల మీద అన్నగారి పాఠశాలలో చాలా పని జరిగింది. చేతిలో ఉన్న తాళంచెవితోనే ప్రతి తలుపూ తియ్యాలని చూడటం మానవ సహజం. కణం అన్న భావనే లేని కాలం అది. 1873లో కొలికర్ అనే శాస్త్రజ్ఞుడు ఎముక కరిగే చోట గుంటల్లో కూర్చున్న పెద్దపెద్ద బహుకేంద్రక కణాలే ఆ పని చేస్తున్నాయని చూపి, వాటికి ఆస్టియోక్లాస్ట్ అని పేరు పెట్టాడు. ఈ కణం ఎముక మీద అతుక్కుని, అంచుల్ని గట్టిగా మూసి, లోపల ఆమ్లం వదిలి ఖనిజాన్ని కరిగిస్తుంది, ఎంజైములు వదిలి మిగిలిన ప్రోటీనును ముక్కలు చేస్తుంది. దీని పుట్టుక రక్తకణాల వంశంలో. కట్టే కణమైన ఆస్టియోబ్లాస్టు పుట్టుక మాత్రం మూలుగలోనే ఉండే మరో జాతి మూలకణాల్లో. 1980లో అచ్చయిన ఒక చికిత్స దీనికి చక్కని సాక్ష్యం. ఎముకలు కరగక రాయిగా బిగిసిపోయే ఆస్టియోపెట్రోసిస్ అనే జబ్బుతో ఉన్న ఐదు నెలల ఆడశిశువుకు అన్న మూలుగ ఎక్కించారు. తర్వాత చూస్తే ఎముక తవ్వే కణాల్లో మగ క్రోమోజోమ్ గుర్తు ఉంది, కట్టే కణాల్లో లేదు. తవ్వేవాళ్లు అన్న దగ్గర్నించి వచ్చారు, కట్టేవాళ్లు బిడ్డవాళ్లే.

మరి రెండు వేరు వంశాల కణాలు ఒకరి వెనక ఒకరు, అదే చోటుకు, సరిగ్గా అంతే పనికి ఎలా వస్తున్నారు? 1960లలో అమెరికాలో హెరాల్డ్ ఫ్రాస్ట్ ఈ ప్రశ్నను సూటిగా వేశాడు. పెద్దవాళ్ల ఎముకలో ముందు తవ్వకం కొన్ని వారాలు, తర్వాత పూడిక కొన్ని నెలలు, ఎప్పుడూ ఇదే వరుస. తవ్వినవాడు పోతూపోతూ కట్టేవాడికి కబురు పెడుతున్నాడా? పెడుతున్నాడనే ఇప్పటి సాక్ష్యం చెబుతోంది. కబురు ఒక్క దారిన కూడా కాదు. ఎముకను కట్టేటప్పుడే అందులో టీజీఎఫ్ బీటా, ఐజీఎఫ్ వంటి పెరుగుదల ప్రోటీన్లు పూడిపోయి ఉంటాయి. తవ్వకంలో అవి బయటపడతాయి. బయటపడ్డ టీజీఎఫ్ బీటా మూలుగలోని మూలకణాలను ఆ గుంట దగ్గరకు రప్పిస్తుందని 2009లో ఎలుకల మీద జరిగిన పరిశోధన చూపింది. అక్కడికి వచ్చిన మూలకణాలు ఆస్టియోబ్లాస్టులుగా మారడానికి ఐజీఎఫ్ తోడ్పడుతుంది. అదికాక తవ్వే కణం తనంత తానుగా కొన్ని సంకేతాలు విడుదల చేస్తుంది. అందులో కొన్ని కట్టమని, కొన్ని ఇంకా ఆగమని.

ఇక్కడ మళ్లీ ఆస్టియోపెట్రోసిస్ రోగులే గురువులు. ఈ జబ్బులో ఒక రకంలో తవ్వే కణాలు అసలు పుట్టవు. ఇంకో రకంలో పుడతాయి, ఎముక మీద కూర్చుంటాయి, ఆమ్లం వదల్లేక పని చెయ్యవు. మొదటి రకంలో ఎముక కట్టడం కూడా మందగిస్తుంది. రెండో రకంలో మందగించదు. అంటే గుంట తవ్వకపోయినా, తవ్వే కణం అక్కడ ఉండటమే కట్టేవాళ్లకు ఒక పిలుపన్న మాట. మా తరగతిలో ఈ మాట చెప్పినప్పుడు వెనక బెంచీలు కూడా కాసేపు నిశ్శబ్దమవుతాయి.

ఇది పుస్తకాల ముచ్చట కాదు. బహిష్టులు ఆగిపోయాక మన తల్లులకు, అమ్మమ్మలకు ఈస్ట్రోజెన్ తగ్గి తవ్వకం పూడికను మించిపోతుంది. వెన్ను వంగుతుంది, చిన్న జారుడుకే తుంటి విరుగుతుంది. తవ్వే కణాలను అణిచే బిస్ఫాస్ఫొనేట్ మందులు ఎంతో మేలు చేశాయి. కాని తవ్వకం ఆపిన కొన్ని నెలల్లో కట్టడమూ తగ్గడం వైద్యులకు తెలిసిన సంగతే. కణాన్ని చంపకుండా దాని ఎంజైము ఒక్కదాన్నే ఆపి, కబురును మాత్రం పోనిద్దామని ఒక మందు తయారైంది. పక్షవాతం ముప్పు కనిపించి 2016లో దాన్ని విరమించుకున్నారు. మన ప్రాంతానికి దీని ఎదురుముఖం బాగా తెలుసు. అప్పటి నెల్లూరు జిల్లాలో 1937లో వైద్యులు నమోదు చేసిన, నల్లగొండ పల్లెలను తరతరాలు పీడించిన ఫ్లోరోసిస్‌లో ఫ్లోరైడు కట్టే కణాలను అదేపనిగా ఉసిగొల్పుతుంది, కట్టిన ఎముకను కరగడానికి మొండిగా చేస్తుంది. ఎముక ఎక్కువై మనిషి వంగిపోతాడు.

హంటర్ దగ్గరకు మళ్లీ వద్దాం. 1770 నుంచి రెండేళ్లు ఆయన ఇంట్లో ఉండి చదివిన శిష్యుడు ఎడ్వర్డ్ జెన్నర్, తర్వాతి కాలంలో మశూచికి టీకా కనిపెట్టినవాడు. ఆలోచిస్తూ కూర్చోకుండా చేసి చూడమని గురువు శిష్యుడికి ఇచ్చిన సలహా లోకప్రసిద్ధం. 1785 డిసెంబరులో మోకాలి వెనక ధమని ఉబ్బిన ఒక బండివాడికి, కాలు తీసెయ్యకుండా తొడలో ధమనిని పైనే కట్టివేసి కాలు నిలబెట్టాడు. ఎర్ల్స్ కోర్టులోని ఇంట్లో జంతువుల్ని పెంచాడు. లెస్టర్ స్క్వేర్ ఇంట్లో మ్యూజియం పెట్టాడు, సుమారు పద్నాలుగు వేల నమూనాలు పోగుచేశాడు. సంపాదన యావత్తూ దానికే పోసాడు.

ఆ పోగుచేయడంలోనే ఆయన మీద చెరగని మచ్చ పడింది. చార్లెస్ బర్న్ అనే ఐర్లండు యువకుడు ఏడడుగుల ఏడంగుళాల పొడుగు. 1782లో లండన్ వచ్చి డబ్బుకు తనను తాను ప్రదర్శించుకునేవాడు. సర్జన్లు తన శవం కోసం కాచుకున్నారని తెలిసి, చచ్చాక తనను సముద్రంలో ముంచమని స్నేహితులను వేడుకున్నాడు. 1783లో ఇరవై రెండో ఏట పోయాడు. హంటర్ లంచం పెట్టి శవాన్ని సంపాదించి, ఉడకబెట్టి, ఎముకలు తీశాడు. 1786 నాటి రేనాల్డ్స్ చిత్రపటంలో హంటర్ వెనక, పై మూలన ఆ పొడుగాటి పాదాల ఎముకలు కనిపిస్తాయి. ఆ ఎముకల వల్ల శాస్త్రానికి లాభం కలిగిన మాట నిజమే. 1909లో కుషింగ్ ఆ పుర్రెలో పిట్యూటరీ గ్రంథి ఉండే గుంట పెరిగి ఉండటం గుర్తించాడు. 2011లో ఆ పళ్లలోంచి తీసిన డీఎన్ఏలో ఒక జన్యుదోషం కనిపించింది, ఉత్తర ఐర్లండులో ఇప్పటికీ కొన్ని కుటుంబాల్లో అదే దోషం ఉంది. ఆ కుటుంబాలకు ముందుగా పరీక్ష చేసి వైద్యం చేసే వీలు కలిగింది. అయినా ఆ యువకుడు వద్దన్నాడు. ఆ మాట ఎవరూ వినలేదు. లాభం తర్వాత వచ్చింది కనుక దొంగతనం ఒప్పయిపోతుందనే వాదం నాకు మింగుడుపడదు.

1793 అక్టోబరు 16న సెయింట్ జార్జి ఆసుపత్రి బోర్డు సమావేశంలో విద్యార్థుల చేరికపై వాదన జరిగింది. ఏళ్లుగా గుండెనొప్పితో ఉన్న హంటర్ ఆ వేడిలో పక్క గదికి వెళ్లి కుప్పకూలిపోయాడు. శవపరీక్షలో గుండె ధమనులు ఎముకలా గట్టిపడి ఉన్నాయి. అప్పులు మిగిలాయి. భార్య ఇతరుల ఇళ్లలో తోడుగా ఉండి బతకాల్సి వచ్చింది. ప్రభుత్వం మ్యూజియాన్ని 15,000 పౌన్లకు కొనడానికి 1799 దాకా పట్టింది. ఆ ఆరేళ్లూ దాన్ని కాపాడింది విలియం క్లిఫ్ట్ అనే కుర్ర సహాయకుడు, వారానికి ఏడు షిల్లింగుల జీతానికి. ఎముకల పెరుగుదలపై హంటర్ ప్రయోగాలను ఆయన కాగితాల్లోంచి తీసి ప్రచురించింది బావమరిది ఎవరార్డ్ హోమ్. అదే హోమ్ 1823లో హంటర్ చేతిరాత ప్రతుల్ని తగలబెట్టాడు. వాటిలోంచి తీసుకుని తన పేర్న ప్రచురించిన వ్యాసాల జాడ చెరపడానికే ఆ పని చేశాడని చాలామంది నమ్మిక. క్లిఫ్ట్ అంతకుముందే ఓపికగా చాలా భాగం నకలు రాసిపెట్టుకోబట్టి మనకు ఆ మాత్రం దక్కింది. బావమరిదికి సర్ బిరుదు, క్లిఫ్ట్‌కు చిన్న జీతం.

1941 మే నెలలో జర్మను బాంబులకు ఆ మ్యూజియం చాలావరకు ధ్వంసమైంది. పద్నాలుగు వేలలో సుమారు 3,500 నమూనాలు మిగిలాయి. హంటర్ శరీరం సెయింట్ మార్టిన్ చర్చి నేలమాళిగలో ఉండిపోగా, 1859లో ఆ మాళిగ మూసేస్తున్నారని తెలిసి ఫ్రాంక్ బక్‌లండ్ అనే వైద్యుడు వేల శవపేటికలు రోజుల తరబడి వెతికి దాన్ని పట్టుకున్నాడు. వెస్ట్‌మిన్‌స్టర్ ఆబేలో గౌరవంగా తిరిగి పూడ్చారు. 2023లో మ్యూజియం మరమ్మతుల తర్వాత తలుపులు తెరిచినప్పుడు చార్లెస్ బర్న్ అస్థిపంజరాన్ని ప్రదర్శన నుంచి తీసేశారు. సముద్రానికి మాత్రం పంపలేదు, పరిశోధనకు అట్టేపెట్టుకున్నారు.